దాళ్వా చేలకు దిక్కు సీలేరే.. ఒకే నది, మూడు పేర్లు, ఐదు పవర్ హౌస్‌లు! అసలు ఈ నది కథేంటి?

సంక్రాంతి దాటిందంటే చాలు, గోదావరి జిల్లాల వార్తల్లో ఓ మాట రోజూ వినిపిస్తుంది. ‘సీలేరు నుంచి ఇన్ని క్యూసెక్కులు వచ్చాయి’, ‘సీలేరు నీళ్లు తగ్గాయి, శివారు భూములు ఎండుతున్నాయి’, ‘సీలేరు జలాలపైనే రబీ ఆశలు’.. ఇలా ఏటా అవే హెడ్‌లైన్లు. ఇవి చూసే చాలామందికి సీలేరు అంటే ఎక్కడో కొండల్లో ఉన్న ఒక డ్యామ్ పేరు అనిపిస్తుంది. నిజానికి అదో నది. విశాఖ మన్యంలో పుట్టి, ఒడిశా సరిహద్దు వెంట నడిచి, శబరిలో కలిసి, ఆ తర్వాత గోదావరి అయిపోతుంది. దారిలో ఐదు చోట్ల కరెంటు ఇచ్చి మరీ దిగుతుంది.

ఆ నీళ్లు కరెంటుకా, పంటకా అన్న పేచీ కూడా ప్రతి వేసవిలో వస్తుంది. అదేంటో అర్థం కావాలంటే ముందు నది ఎలా దిగుతుందో చూడాలి.

సముద్రం దగ్గరే పుట్టి.. వెనక్కి నడిచే నది

మాడుగుల కొండలు తెలుసు కదా, హల్వాకు పేరున్న ఆ మాడుగుల పైనున్న కొండలే. అక్కడ పుడుతుంది ఈ నది. తూర్పు కనుమల్లో చాలా చోట్ల చినుకు పడితే నీళ్లు తూర్పుకి జారి, శారద, వరాహ లాంటి చిన్న నదుల్లో కలిసి బంగాళాఖాతానికి చేరిపోతాయి. ఈ నది మాత్రం సముద్రానికి వీపు తిప్పి ఉత్తరం వైపు నడక మొదలుపెడుతుంది. పాడేరు, హుకుంపేట, పెదబయలు, ముంచంగిపుట్టు ప్రాంతాల మీదుగా ఒడిశా సరిహద్దుకు చేరుతుంది. అక్కడ ఒక్కసారిగా మలుపు తిరిగి నైరుతి దిశగా దిగుతుంది. అలా కొండలన్నీ చుట్టుకుని, చివరికి గోదావరితో కలిసి అదే బంగాళాఖాతానికి వస్తుంది. దగ్గరి దారి వదిలేసి చుట్టు దారి పట్టడం మన అదృష్టం. ఆ చుట్టు దారిలోనే ఇంత కరెంటు పుడుతోంది.

మన్యంలో దీన్ని మత్స్యగెడ్డ అంటారు. గెడ్డ అంటే ఉత్తరాంధ్ర వాళ్లకు చెప్పక్కర్లేదు, వాగు అన్నమాట. హుకుంపేట మండలంలో మత్స్యగుండం అనే చోట నీటి మడుగులో చేపలు గుంపులుగా తిరుగుతుంటాయి. వాటిని దేవుడి చేపలుగా కొలుస్తారు, ఎవరూ పట్టరు, తినరు. పక్కనే మత్స్యలింగేశ్వరుడి గుడి. శివరాత్రికి పెద్ద జాతర జరుగుతుంది. ఒడిశా సరిహద్దుకు వెళ్లేసరికి పేరు మాచ్‌ఖండ్ అవుతుంది. అందులోనూ చేపే ఉంది, ‘మాచ్’ అంటే చేప. ఇంకా కిందికి దిగాక సీలేరు అవుతుంది. మూడు పేర్లున్నా పారేది ఒకే నీరు.

అడుగుల లెక్క తెలిస్తే నది మొత్తం తెలిసినట్టే

వానాకాలంలో స్క్రోలింగ్‌లో కొన్ని నంబర్లు పరుగెడుతుంటాయి. జోలాపుట్టు 2750 అడుగులు, డుడుమ 2590, బలిమెల 1516, గుంటవాడ 1360, డొంకరాయి 1037. ఇవి ఆయా జలాశయాల పూర్తి స్థాయి నీటిమట్టాలు, అంటే సముద్ర మట్టానికి ఎన్ని అడుగుల ఎత్తు వరకు నీరు నిలబెట్టవచ్చు అనే లెక్క. చాలామంది ఇది డ్యామ్ లోతు అనుకుంటారు. 2750 అడుగుల లోతున్న జలాశయం ఎక్కడా లేదు!

ఆ ఐదు నంబర్లను వరసగా ఓసారి చదవండి. మెట్లు కనిపిస్తాయి. జోలాపుట్టు నుంచి డొంకరాయి వరకే 1,713 అడుగుల దిగుడు. జలవిద్యుత్‌కు కావాల్సింది సరిగ్గా ఇదే. నీరు ఎంత ఉంది అనేది ఎంత ముఖ్యమో, ఎంత ఎత్తు నుంచి పడుతోంది అనేదీ అంతే ముఖ్యం. కాగితం మీద లెక్క వేస్తే ఒక టీఎంసీ నీరు వంద అడుగులు దిగితే, యంత్రాల నష్టాలు పోను సుమారు 20 లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది. అదే టీఎంసీ ఇంకో వంద అడుగులు దిగితే ఇంకో 20 లక్షలు. నీరు ఖర్చయిపోదు, కిందికి దిగుతుందంతే. బొగ్గుకు ఆ సౌకర్యం లేదు, ఒకసారి కాలితే బూడిదే.

మైదానంలో ఎంత పెద్ద నది అయినా ఈ పని చేయలేదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి ఎంత వెడల్పుగా ఉన్నా అక్కడ ఎత్తు లేదు. సీలేరు దాని ముందు సన్నటి నదే, కానీ ఎత్తు దీని సొత్తు.

డుడుమ.. జలపాతం మింగిన పైపులు

మొదటి మెట్టు జోలాపుట్టు. ఏపీ, ఒడిశా సరిహద్దులో కట్టిన పెద్ద జలాశయం, సుమారు 34 టీఎంసీల సామర్థ్యం. ఇక్కడ పవర్ హౌస్ లేదు, ఇది నీటి గాదె లాంటిది. ఇక్కడి నుంచి వదిలిన నీరు కిందనున్న డుడుమ డైవర్షన్ డ్యామ్‌కి చేరుతుంది. దాని తర్వాత నది ఒక్కసారిగా లోయలోకి దూకుతుంది. అదే డుడుమ జలపాతం, దాదాపు 175 మీటర్ల ఎత్తు.

ఈ దూకుడు చూసే ఇంజినీర్లు ఇక్కడ కన్నేశారు. అప్పటి మద్రాసు ప్రభుత్వం, ఒడిశా మధ్య 1946లో ఒప్పందం కుదిరింది. డుడుమ డ్యామ్ నుంచి నీటిని పక్కకు మళ్లించి, కొండ అంచున భారీ పైపుల్లోకి వదిలి, లోయలో ఉన్న పవర్ హౌస్‌లో టర్బైన్లు తిప్పాలన్నది ప్లాన్. ఆ పైపులనే పెన్‌స్టాక్‌లు అంటారు. 1955లో అప్పటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ దీన్ని ప్రారంభించారు. అదే మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం. ఉన్నది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా ఒనకఢిల్లీ దగ్గర. ఆరు యూనిట్లు, మొత్తం 120 మెగావాట్లు. ఇవాళ్టి లెక్కల్లో చిన్న నంబరే. కానీ ఆ రోజుల్లో విశాఖపట్నం, ఉత్తరాంధ్ర పట్టణాలు వెలిగింది ఈ కరెంటుతోనే. కొండపై నుంచి లోయలోని పవర్ హౌస్‌కి దిగడానికి పట్టాల మీద నడిచే వించ్ ఉంటుంది. అది ఎక్కినవాళ్లు కిందికి చూడరు, ఎదురుగా చూస్తారు!

ఒక చిన్న చిక్కు ఉంది. నీరంతా పైపుల్లోకి వెళ్తే జలపాతానికి మిగిలేది ఏముంటుంది? అందుకే వేసవిలో డుడుమ చూడటానికి వెళ్లినవాళ్లు నిరాశపడతారు. డ్యామ్ నిండి గేట్లు ఎత్తిన రోజుల్లో మాత్రం దాని అసలు రూపం కనిపిస్తుంది.

కరెంటు పంపకం మొదట్లో ఆంధ్రకు 70 శాతం, ఒడిశాకు 30 శాతం. ఇప్పుడు చెరి సగం. ఉత్పత్తి ఖర్చు, ఆధునికీకరణ ఖర్చు కూడా అలాగే.

కరెంటు వెళ్లిపోయింది, గెడ్డ మిగిలింది

ఈ కథలో రెండో పేజీ ఒకటుంది. మాచ్‌ఖండ్ కోసం దాదాపు మూడు వేల కుటుంబాలు ఊళ్లు వదిలాయని నిర్వాసితులపై అధ్యయనాలు చేసినవారు లెక్కగట్టారు. వాళ్లలో సగం మంది వరకు గిరిజనులే. భూములకు పట్టాలు ఉన్నవాళ్లే తక్కువ ఉన్న రోజులవి. కాగితం లేనివాళ్లకు పరిహారం ఎలా అందుతుందో ఊహించుకోవచ్చు.

జోలాపుట్టు వెనుక జలాలు ముంచంగిపుట్టు, పెదబయలు మండలాల్లోకి చొచ్చుకొచ్చాయి. కొన్ని పల్లెలకు మూడు వైపులా నీరే. సంతకు వెళ్లాలన్నా, ఆస్పత్రికి వెళ్లాలన్నా నాటు పడవే గతి. గెడ్డలో పడవ మునిగిందన్న వార్త మీరు మా బులెటిన్లలో కూడా చూసే ఉంటారు. లైఫ్ జాకెట్ లేని పడవ, గాలి తిరిగితే చాలు. రోడ్డు దూరం ఎక్కువ కాబట్టి ప్రమాదమని తెలిసీ పడవే ఎక్కుతారు. మెగావాట్లతో పాటు ఈ ప్రయాణం కూడా లెక్కలోకి రావాలి.

బలిమెల.. నీటిని సగానికి కోసే చోటు

మాచ్‌ఖండ్‌లో టర్బైన్లు తిప్పిన నీరు లోయలో దిగి బలిమెల జలాశయానికి చేరుతుంది. ఈ మెట్ల వరుసలో అన్నింటికన్నా పెద్దది ఇదే, దాదాపు 95 టీఎంసీల వినియోగ సామర్థ్యం. డ్యామ్ ఉన్నది ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా చిత్రకొండ దగ్గర. రెండు రాష్ట్రాల ఉమ్మడి జలాశయం, నీటిలో చెరి సగం వాటా.

ఆ సగాలు రెండూ వేర్వేరు దారుల్లో పోతాయి. ఒడిశా వాటా కొండకు అవతలి వైపు, బలిమెల పవర్ హౌస్‌కి వెళ్తుంది. అక్కడ 60 మెగావాట్ల యూనిట్లు ఆరు, తర్వాత చేర్చిన 75 మెగావాట్ల యూనిట్లు రెండు, వెరసి 510 మెగావాట్లు. కరెంటు తీశాక ఆ నీరు పొట్టేరు ఆయకట్టుకు వెళ్లి మల్కన్‌గిరి పొలాలను తడుపుతుంది. ఆంధ్ర వాటా డ్యామ్ నుంచి నేరుగా సీలేరు నదిలోకి దిగుతుంది.

నీటి సంవత్సరం జూలైలో మొదలవుతుంది. ఎవరు ఎంత వాడారు, ఎవరికి ఎంత మిగిలింది అని రెండు రాష్ట్రాల ఇంజినీర్లు కూర్చుని లెక్కలు తేల్చుకుంటారు. నీళ్ల దగ్గర రాష్ట్రాలు కొట్టుకునే కాలంలో, పెద్దగా గొడవల్లేకుండా దశాబ్దాలుగా సాగుతున్న పంపకం ఇది. పొరుగు రాష్ట్రాలతో మనకున్న మిగతా పంచాయితీలు చూస్తే ఇది కాస్త ఆశ్చర్యమే.

అయితే బలిమెల జలాశయం నిండాక 151 గ్రామాలు బయటి ప్రపంచానికి దూరమైపోయాయి. అటు నీరు, ఇటు కొండలు. అధికారుల భాషలో వాటి పేరే ‘కటాఫ్ ఏరియా’. ఆస్పత్రికి, రేషన్‌కి లాంచీ కోసం ఎదురుచూడాలి. రోడ్డు లేని చోటికి ప్రభుత్వం రాలేదు, మావోయిస్టులు వచ్చారు. 2008 జూన్ 29న ఇదే జలాశయంలో భద్రతా బలగాలు ప్రయాణిస్తున్న లాంచీపై మావోయిస్టులు కొండ పైనుంచి దాడి చేశారు. 38 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది ఆంధ్ర గ్రేహౌండ్స్ కమాండోలు. ఏవోబీ అనే మూడక్షరాలు ఇంటింటికీ తెలిసిపోయిన రోజులవి.

ఆ గ్రామాలకు వంతెన వేయాలన్న మాట 1982లోనే మొదలైంది. పూర్తయింది 2018లో! ఆ ఏడాది జూలై 26న 910 మీటర్ల గురుప్రియ వంతెనను అప్పటి ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ ప్రారంభించారు. కటాఫ్ ఏరియాకు స్వాభిమాన్ అంచల్ అని పేరు మార్చారు. జలాశయం నింపడానికి పట్టిన కాలం కంటే దాన్ని దాటించడానికి పట్టిన కాలమే చాలా ఎక్కువ.

గుంటవాడ నుంచి మోతుగూడెం దాకా

ఇక్కడి నుంచి నది ఏపీ జెన్‌కో చేతిలో ఉంటుంది. బలిమెల నుంచి వచ్చిన నీరు గుంటవాడ జలాశయంలో ఆగుతుంది. దాని నుంచి సీలేరు ఊరి దగ్గరున్న ఎగువ సీలేరు కేంద్రానికి వెళ్తుంది. 60 మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొత్తం 240. మొదటి రెండు యూనిట్లు 1960లలో వచ్చాయి, మిగతా రెండు 1990లలో చేరాయి. టర్బైన్లు దాటిన నీరు దట్టమైన అడవి మధ్యలో డొంకరాయి జలాశయానికి చేరుతుంది. అక్కడ 25 మెగావాట్ల చిన్న కేంద్రం ఉంది. దాన్ని దాటాక నీరు పవర్ కెనాల్‌లో పడి, కొండల అంచు వెంట ప్రయాణించి, మోతుగూడెం దగ్గర పొల్లూరులో ఉన్న దిగువ సీలేరు కేంద్రంలోకి దూకుతుంది. 115 మెగావాట్ల యూనిట్లు నాలుగు. 460 మెగావాట్లతో సీలేరు కాంప్లెక్స్‌లో పెద్దన్న ఇదే. ఇంకో రెండు యూనిట్లు చేర్చి 690కి పెంచే పనులు చేపట్టారు. మూడు కేంద్రాలూ కలిపితే ఇప్పటి లెక్క 725 మెగావాట్లు.

ఈ మోతుగూడెం ఒకప్పుడు ఖమ్మం జిల్లాలో ఉండేది. 2014లో రాష్ట్రం విడిపోయాక పోలవరం ముంపు కారణంగా ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. వాటిలో చింతూరు మండలం ఒకటి. దాంతో దిగువ సీలేరు కేంద్రం కూడా అటు వెళ్లిపోయింది. ముంపు మండలాలతో పాటు 460 మెగావాట్లు కూడా పోయాయని తెలంగాణ నేతలు ఇప్పటికీ ప్రస్తావిస్తూనే ఉంటారు. అప్పట్లో తెలంగాణ కరెంటు కోతలతో ఇబ్బంది పడుతున్న సమయం, అందుకే ఆ మాటకు అంత బరువు.

మరి రైతుకు సీలేరుతో పనేంటి?

పొల్లూరు దాటిన నీరు మళ్లీ నదిలో కలిసి పశ్చిమానికి వెళ్తుంది. ఆంధ్ర, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మూడూ కలిసే చోట, ఇటు మోటు, అటు కుంట ఊళ్ల దగ్గర శబరిలో కలుస్తుంది. శబరి చింతూరు మీదుగా వచ్చి కూనవరంలో గోదావరిలో కలుస్తుంది. ఆ తర్వాత పాపికొండలు, పోలవరం, ధవళేశ్వరం. కొండ మీద వదిలిన నీరు బ్యారేజీకి రావడానికి కొన్ని రోజులు పడుతుంది.

గోదావరికి నీళ్ల కొరత ఏంటని అడగొచ్చు. జూలై, ఆగస్టులో వరద లక్షల క్యూసెక్కుల్లో సముద్రంలోకి పోతుంది, నిజమే. కానీ డిసెంబర్ తర్వాత సహజంగా వచ్చే ప్రవాహం బాగా పడిపోతుంది. ధవళేశ్వరం బ్యారేజీ కింద మూడు డెల్టాల్లో దాదాపు పది లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. దాళ్వా వరి మార్చి దాకా నీళ్లు అడుగుతూనే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర నిల్వ చేసుకునే చోటు పెద్దగా లేదు. అలాంటప్పుడు ఎగువన నిల్వ ఉన్న నీరు, అదీ కావాల్సినప్పుడు వదిలే వీలున్న నీరు సీలేరుదే. మిగతా గోదావరి వానల మీద ఆధారపడితే, సీలేరు స్విచ్ మీద ఆధారపడుతుంది.

ఇక్కడే ముడి పడుతుంది. జెన్‌కోకి ఈ నీరు సాయంత్రాలు కావాలి. ఇళ్లలో లైట్లు, ఫ్యాన్లు, ఏసీలు ఒకేసారి ఆన్ అయ్యే గంటల్లో జలవిద్యుత్ నిమిషాల్లో అందుకుంటుంది. థర్మల్ యూనిట్‌ను చల్లారాక మళ్లీ వేడెక్కించాలంటే గంటలు పడుతుంది. అందుకని నీటిని ఏప్రిల్, మే ఎండల దాకా దాచుకోవాలని విద్యుత్ శాఖ చూస్తుంది. రైతుకు మాత్రం ఫిబ్రవరి, మార్చిలోనే కావాలి, రాత్రీ పగలూ సమానంగా కావాలి. చేను పొట్ట దశలో ఉన్నప్పుడు వారం రోజులు తడి తగ్గినా గింజ తాలు పోతుంది.

టర్బైన్లు తిప్పి వదిలిన నీరు చాలకపోతే ఏం చేస్తారు? డొంకరాయి గేట్లు ఎత్తి నేరుగా నదిలోకి వదులుతారు. ఆ నీరు కెనాల్ ఎక్కదు, పొల్లూరు టర్బైన్లను తాకదు. పంట బతుకుతుంది కానీ ఆ మేరకు కరెంటు పోయినట్టే. పైన చెప్పిన టీఎంసీ లెక్క గుర్తుందిగా, వంద అడుగులకే 20 లక్షల యూనిట్లు! అందుకే గేట్లు ఎత్తే నిర్ణయం ఊరికే తీసుకోరు. జలవనరుల శాఖ లేఖ రాస్తుంది, జెన్‌కో లెక్క చూస్తుంది, ఈలోగా శివారు రైతు డ్రెయిన్‌లో ఇంజన్ పెట్టి నీరు తోడుకుంటుంటాడు. కాలువలకు వంతులవారీగా నీరు ఇచ్చే రోజులూ వస్తాయి. ఇందులో ఏ శాఖదీ తప్పని చెప్పలేం. ఒకే నీటిని ఇద్దరు అడుగుతున్నారు, ఇద్దరికీ వేర్వేరు నెలల్లో అవసరం.

కాబట్టి మీది డెల్టా ఊరైతే రబీ మొదట్లోనే బలిమెల మట్టం ఎంతుందో చూసుకోండి. 1516 అడుగులకు దగ్గరగా ఉంటే ఆ ఏడాది కొంత నిశ్చింత. ఎంత కిందికి ఉంటే మార్చిలో అన్ని వార్తలు! ధవళేశ్వరం దగ్గర కనిపించే నీరు చూసి అంచనా వేస్తే పొరబడతాం. అసలు బ్యాంకు బ్యాలెన్స్ చిత్రకొండలో ఉంది.

పగలు పైకి, రాత్రి కిందికి

ఇప్పుడు ఈ నది మీద మరో పెద్ద ప్రాజెక్టు రాబోతోంది. ఎగువ సీలేరు పంప్డ్ స్టోరేజ్. 150 మెగావాట్ల యూనిట్లు తొమ్మిది, మొత్తం 1,350 మెగావాట్లు. పైన గుంటవాడ, కింద డొంకరాయి.. రెండు జలాశయాలూ ఇప్పటికే ఉన్నాయి కాబట్టి కొత్తగా పెద్ద డ్యామ్ కట్టే పని లేదు. పగలు సోలార్ కరెంటు మిగిలినప్పుడు డొంకరాయి నీటిని గుంటవాడకు ఎత్తిపోస్తారు. సాయంత్రం డిమాండ్ పెరగ్గానే అదే నీటిని కిందికి వదిలి కరెంటు తీస్తారు. పంప్ చేయడానికి ఖర్చయ్యే కరెంటు కన్నా తిరిగి వచ్చేది తక్కువే. మరి లాభం ఎక్కడ? కరెంటు అక్కర్లేని గంట నుంచి అవసరమైన గంటకు దాన్ని మార్చుకోవడంలో. ఒక రకంగా ఇది నీటితో చేసిన బ్యాటరీ.

మాచ్‌ఖండ్, బలిమెల, ఎగువ సీలేరు, డొంకరాయి, దిగువ సీలేరు.. 1955 నుంచి ఈ నదిపై కట్టిన ఐదు కేంద్రాలూ కలిపితే 1,355 మెగావాట్లు. కొత్తది ఒక్కటే దాదాపు అంత. డొంకరాయి నీటిని ఇకపై పైకి కూడా పంపుతారు కాబట్టి, దాళ్వా సమయంలో ఎంత నీరు పైకి, ఎంత నీరు డెల్టాకి అన్న లెక్కను జెన్‌కో, జలవనరుల శాఖ కొత్తగా రాసుకోవాల్సి ఉంటుంది.